ఇనుము తగలని మూల

దొరగారి పడవ కొత్తదిబ్బకి వచ్చేసరికి పల్లెకారుల ఆడవాళ్ళు నడుములు వంచి రెల్లు నాటుతున్నారు.

రెల్లు నాటడం చూడనివాళ్ళకి అదొక పనిలాగే కనపడదు. పాత లంకలోంచి పెరికి తెచ్చిన దుబ్బుని రెండుగా చీలుస్తారు. పైసగం తుంచేస్తారు. వేళ్ళు ఆరకముందే తడి ఇసకలో చేత్తోనే గుంట తీసి నిలబెడతారు. నిలబెట్టి, కుడికాలి మడమతో మొదట్లో ఒక్క తొక్కు తొక్కుతారు. కిటుకంతా ఆ తొక్కులోనే ఉంది. గట్టిగా తొక్కితే వేరు చితికిపోతుంది. మెత్తగా తొక్కితే మొదటి వరద ఎర్రనీటికే దుబ్బు లేచిపోతుంది. గునపం పట్టరు, పార పట్టరు, చివరికి కొడవలి కూడా పడవలోనే వదిలేసి దిగుతారు. ఏట్లో లేచిన దిబ్బ ఏడు వరదలకి తట్టుకుని నిలిచేదాకా దానిమీద ఇనుము దిగకూడదని వాళ్ళ కట్టుబాటు. మాడు ఇంకా పూడని పసిబిడ్డ తలని తడిమినట్టు ఆ నేలని తడుముతారు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచిన ఏడే ఈ దిబ్బ గౌతమిలో తల ఎత్తింది. ఆ ఏడే పల్లెకారుల ఊరు ఇళ్ళతో సహా ఏట్లో కలిసిపోయింది. అప్పట్నుంచీ వాళ్ళంతా మోతుబరి వెంకటరాజుగారి గట్టుమీద గుడిసెలు వేసుకుని, ఆయన రమ్మంటే పనులు మానుకుని వెళుతూ, ఎప్పుడు లేచిపొమ్మంటారోనని బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నారు. దిబ్బ నాలుగు వరదలు చూసింది. ఇంకో మూడు గడిస్తే సొంత నేలమీద సొంత గుడిసెలు. ఆ ఒక్క ఆశమీదే వాళ్ళ పొయ్యిలు వెలుగుతున్నాయి.

వాళ్ళకి పెద్ద సింహాద్రి. అరవై దాటిన మనిషి. పడవ గెడ వేసి వేసి భుజాలు ఇంకా గట్టిగానే ఉన్నా, మోకాళ్ళు మాత్రం చెప్పిన మాట వినడం మానేశాయి. దొరగారి పడవ చూడగానే ఆయన తలగుడ్డ తీసి చేతికి చుట్టుకుని నీళ్ళలోకి ఎదురెళ్ళాడు.

పడవలోంచి ముందు నేలలకి పట్టాలు రాసే ఇంగ్లీషు దొర దిగాడు. వెనకాల కచేరీ మున్షీ సూర్యనారాయణగారు పంచె తడవకుండా ఎత్తిపట్టుకుని దిగారు. ఆ వెనక గొడుగు కింద వెంకటరాజుగారు. సింహాద్రి భార్య అప్పాయమ్మ మాత్రం ముగ్గురి మొహాలూ చూడలేదు. దొర జోళ్ళ వంక చూసింది. వాటి అడుగున ఇనప మేకులున్నాయి. తడి ఇసకలో అడుగడుక్కీ చుక్కలు పడుతున్నాయి. ఆవిడ పెదవి కొరుక్కుంది.

"ఈ దిబ్బ ఎవరిదని అడుగుతున్నారు దొరగారు" అన్నారు మున్షీగారు.

"మాదేనండి, ఆయ్" అన్నాడు సింహాద్రి.

"ఎవరిచ్చేరు?"

"ఏరు ఇచ్చిందండి. అదిగో, ఆ సుడి తిరుగుతోంది చూసేరా, అక్కడుండేదండి మా ఊరు. మా పెరళ్ళ మట్టీ, మా గోడల మట్టీ కొట్టుకొచ్చి ఇక్కడ చేరిందండి. మా ఊరే లేచొచ్చి ఇక్కడ కూర్చుందండి."

మున్షీగారు ఇంగ్లీషులో చెప్పారు. దొర శ్రద్ధగా విన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు, ఎండకి మొహం కందిపోయి, కళ్ళకింద నిద్రలేని చారలతో. అప్పుడు వెంకటరాజుగారు గొడుగు మడిచి మెల్లగా అన్నారు: "గట్టు నాదండి మున్షీగారూ. గట్టుకెదురుగా లేచిన దిబ్బ గట్టువాడికే చెందడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. ఆ సంగతి కూడా మనవి చెయ్యండి."

దొర ఇద్దరి మాటా విని తల అడ్డంగా ఊపాడు. చేతికర్రతో ఇసకలో ఒక గీత గీసి, చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతున్నకొద్దీ ఆ మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. అలసట పోయింది. ఇలాంటి మాట చెప్పుకోవడానికి మనిషి దొరక్క చాలాకాలంగా మొహం వాచి ఉన్నాడనిపించింది సింహాద్రికి.

మున్షీగారు గొంతు సవరించుకున్నారు. "దొరగారేమంటున్నారంటే, ఏరు ఇవ్వదూ, గట్టూ ఇవ్వదూ అంటున్నారు. రాజులు లేనప్పుడు, సర్కార్లు లేనప్పుడు, పట్టాలు లేనప్పుడు కూడా లోకంలో ఒక ధర్మం ఉందిట. అది ఎవరూ రాసింది కాదుట. మనిషికి బుద్ధితోపాటు పుట్టుకతోనే వచ్చిందిట. మనకైనా తురకలకైనా దొరలకైనా అది ఒక్కటేనట. ఆ ధర్మం ప్రకారం నేల మొదట్లో అందరిదీనట. ఎవడి ఒంటి కష్టం ఏ నేలలో కలిస్తే ఆ నేల వాడిదవుతుందిట. ఒళ్ళు వాడిది గనక ఒంటి కష్టమూ వాడిదే. కష్టం వాడిది గనక నేలా వాడిదేనట."

సింహాద్రికి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా కరణాలూ అమీన్లూ వచ్చి గొలుసులు లాగి కొలిచారేగాని, ఇంత తిన్నని మాట ఒక్కరూ అనలేదు. పక్కనున్న తమ్ముడు ముసలయ్య భుజం పట్టుకుని ఊపేశాడు.

"ఇది మా మాటేనండి బాబూ! దొరగారికి మా మాట ఎలా తెలిసిందండి? మేమూ అదే కదండీ అంటున్నాం!"

"మరి మీ కష్టం ఏదీ అని అడుగుతున్నారు."

సింహాద్రికి అర్థం కాలేదు. చుట్టూ చూశాడు. నాలుగేళ్ళ రెల్లు నడుమెత్తు లేచి గాలికి ఊగుతోంది. అంతకన్నా ఏం చూపించాలి? వంగి, ఒక మొక్క మొదట్లో మడమ తొక్కిన గుంట వేలితో చూపించాడు. ఆ పక్క గుంట చూపించాడు. ఇంకో గుంట చూపించాడు. "ప్రతి దుబ్బూ తొక్కి నాటిందేనండి. ఇది లేకపోతే దిబ్బే లేదండి."

దొర ఒక రెల్లు పోచ తుంచి, వేళ్ళమధ్య తిప్పి, నవ్వి పారేశాడు. గడ్డి దేవుడు వేస్తాడన్నాడు. గడ్డి పెరగనిచ్చి ఊరుకున్నవాడు నేలని పాడుపెట్టినవాడేనన్నాడు. దున్నాలి, విత్తాలి, బాగుచెయ్యాలి. అలా చేసినవాడిదే నేల. తను కొత్తపేటలో మకాం చేసి శుక్రవారం ఇటే తిరిగి వెళతాడట. అప్పటికి దున్ని ఉంటే, దున్నినవాళ్ళ పేర పట్టా రాయిస్తాడట. లేకపోతే బీడు కింద లెక్క.

పడవ వెళ్ళిపోయింది. అప్పాయమ్మ వంగి, మేకుల చుక్కల్ని ఒక్కొక్కటే అరచేత్తో అదిమి పూడ్చింది.

*

ఆ సాయంత్రం గట్టుమీద జరిగినంత గొడవ ఆ గుడిసెల్లో ఊరు మునిగిన రోజున కూడా జరగలేదు. దున్ని తీరాల్సిందేనని ముసలయ్య పట్టుబట్టాడు. ఇన్నాళ్ళకి ఒక దొర మన వైపు మాట్లాడాడు, ఈ అవకాశం పోతే జన్మంతా రాజుగారి గట్టుమీద పడి ఉండాల్సిందేనన్నాడు. మగవాళ్ళు చాలామంది అతని వైపే. ఆడవాళ్ళు మాట్లాడకుండా వలల చిక్కులు తీసుకుంటూ కూర్చున్నారు.

"ఇనుము దింపితే దిబ్బ నిలవదు మావా" అంది అప్పాయమ్మ.

"దింపకపోతే మనకి దక్కదే" అన్నాడు సింహాద్రి.

"నిలవందాన్ని దక్కించుకుని ఏం చేసుకుంటావు?"

సింహాద్రి అప్పటికే మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. ఇది ఆషాఢం. ఎర్రనీళ్ళు వచ్చేది శ్రావణంలో. శుక్రవారం పట్టా మాట తేలిందంటే శనివారంనించే ఆ సాళ్ళలో మళ్ళీ రెల్లు నాటెయ్యొచ్చు. పిల్లా మేకా అందరూ దిగితే వరదకి ముందే వేళ్ళు పట్టుకుంటాయి. ఆ మాటే చెప్పాడు. చెబుతున్నప్పుడు తన గొంతు తనకే కొంచెం పెద్దదిగా వినపడింది.

"వేళ్ళు పట్టుకోవాలని నువ్వు చెబితే పట్టుకుంటాయా?" అంది అప్పాయమ్మ. "దున్నుకోండి. ఎగువ మూల మాత్రం నాది. ఏటి పోటు మొదట తగిలేది అక్కడే. ఆ మూలకి ఎద్దు కాలు పెట్టిందా, నా మీంచి నడవాలి."

మరి నాగళ్ళేవి? పల్లెకారుల ఇళ్ళలో వల ఉంటుంది, గెడ ఉంటుంది, తాడుంటుంది. నాగలి ఎక్కడినించి వస్తుంది? ఎవరింటికి వెళ్ళి అడగాలా అనుకుంటూ ఉండగా వెంకటరాజుగారే గట్టుమీదకి నడిచి వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు.

"ఏరా సింహాద్రీ, దున్నుతారటగా?"

"ఆయ్, తమరు అనుమతిస్తేనండి."

"నేను అనుమతించేదేముంది, దొరగారే అన్నాక. మీకు అరకలు లేవు కదా. మావి నాలుగు తోలుకెళ్ళండి. మా పాలేరు మోషేని కూడా పంపుతాను. మీకు మేడి పట్టుకోవడం చేతకాదు." ఆయన ఏటివైపు చూశారు. "ఒక చోట బతుకుతున్నాం. ఒకరికొకరం కాకపోతే ఎలా?"

సింహాద్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాజుగారి మనసు గురించి ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. గోదావరి గట్టుమీద అరువు అడగడం తప్పూ కాదు, ఇవ్వకపోవడం మర్యాదా కాదు. నిప్పు దగ్గర్నించి పడవ దాకా అన్నీ ఇళ్ళమధ్య తిరుగుతూనే ఉంటాయి. తీసుకున్నవాడు చెయ్యాల్సింది ఒక్కటే: నలుగురిలో ముందు ఇచ్చినవాడి పేరు చెప్పి, తరవాతే తన పని చెప్పుకోవాలి. అలా చెప్పనివాడికి ఇంకోసారి ఏ గుమ్మంలోనూ ఏదీ పుట్టదు.

*

ఎడ్లకి కళ్ళకి గుడ్డలు కట్టి పెద్ద పడవలో ఎక్కించారు. ఎక్కడానికి అవి నానా హంగామా చేశాయి. మోషేని ఎవరూ ఎక్కించలేదు. అతను మాలవాడు. పోయిన ఏడే నరసాపురంవైపునించి వచ్చిన పాదిరి దగ్గర బాప్తిస్మ స్నానం పొంది పేరు మార్చుకున్నాడు. పేరు మారినంత మాత్రాన పల్లెకారుల పడవలో చోటు దొరకదు కదా. పడవ వెనకాల తాడు పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు, సింహాద్రితో సహా.

మొదటి సాలు సింహాద్రే వేస్తానన్నాడు. మేడి పట్టుకుని ఎద్దుల్ని అదిలించాడు. కర్రు నేలలో దిగగానే కింద బట్ట చిరిగినట్టు చప్పుడైంది. నాలుగేళ్ళుగా ఒకదానికొకటి అల్లుకున్న రెల్లువేళ్ళు తెల్లగా పైకి తేలాయి. పచ్చివాసన గుప్పుమంది. చూస్తున్న ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.  గెడ పట్టిన చేతులకి మేడి లొంగలేదు. గెడని ఒంటి బరువంతా వేసి నెట్టాలి. నాగలిని అలా నెడితే కర్రు పాతుకుపోతుంది. సాలు పాములాగ వంకర్లు పోయింది.

"నొక్కకండి బాబూ" అన్నాడు మోషే వెనకనించి. "దాన్ని పోనివ్వాలి. మీరు ఊరికే తోడెళ్ళాలంతే."

చివరికి మేడి మోషే చేతుల్లోకే వెళ్ళింది. మిగిలిన మూడు అరకలూ ముసలయ్యవాళ్ళు తోలారు గాని, వాళ్ళు గీకినదంతా మోషే మళ్ళీ మొదట్నించీ దున్నాల్సి వచ్చింది. మూడు రోజులు ఎండలో అతని వీపు నిగనిగలాడుతూనే ఉంది. మధ్యాహ్నం ఎడ్లని నీళ్ళకి వదిలినప్పుడు దూరంగా కూర్చుని తెచ్చుకున్న గంజి తాగేవాడు.

"దొరగారి మాట మా పాదిరిగారు కూడా చెప్పేరండి" అన్నాడొకసారి. "దేవుడు మొదటి మనిషికి నేలంతా ఇచ్చేశాడంటండి. మనమందరం ఆయన పిల్లలమేనంటండి."

"బాగుందిరా. మరి నీకే మూల ఇచ్చేడు?" అన్నాడు ముసలయ్య.

"అది పాదిరిగారు చెప్పలేదండి" అని మోషే గంజి ముంత కడుక్కోవడానికి లేచాడు.

ఎగువ మూల అప్పాయమ్మ కూర్చునే ఉంది, మూడు రోజులూ. చుట్టూ ఉన్న రెల్లు ఆవిడ తలకన్నా ఎత్తు. మొదటిరోజు మోషే ఎడ్లు అక్కడికి రాగానే ఆవిడ లేవలేదు, కేకలూ వెయ్యలేదు. అరచేతులు రెండూ నేలకి ఆనించి అలా చూసింది. మోషే సింహాద్రి వంక చూశాడు. సింహాద్రి తల దించుకున్నాడు. మోషే పలుపు లాగి ఎడ్లని మళ్ళించాడు. ఆ మూల రెల్లు అలాగే నిలబడిపోయింది, పదిమంది చాపలు పరుచుకుంటే సరిపోయేంత.

*

శుక్రవారం దొర నిజంగానే వచ్చాడు. దున్నిన నేల చూసి మొహం విప్పారింది. వంగి మట్టి పిడికిట్లో తీసుకుని మున్షీగారికి చూపించాడు. ఈ మనుషులకి చెబితే అర్థమవుతుందని తనకి ముందే తెలుసని ఏదో అన్నాడు. మడత బల్ల వేశారు. కలం తీశారు.

సింహాద్రి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.  మర్యాద మర్చిపోలేదు.

"రాజుగారి చలవండి. ఎడ్లు రాజుగారివండి, నాగళ్ళు రాజుగారివండి. ఆయన ఇవ్వబట్టే దున్నగలిగేమండి."

మున్షీగారు ఆ మాట చెప్పారు. దొర కలం ఆగింది. వెంకటరాజుగారివైపు తిరిగి ఏదో అడిగాడు.

"ఎడ్లు నావే" అన్నారు వెంకటరాజుగారు.

"దున్నింది?"

"మా పాలేరు."

ఆయన ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడాల్సిన అవసరమూ రాలేదు.

దొర మోషేని పిలిచి అడిగాడు. నిజమేనన్నాడు మోషే. దొర మున్షీగారితో మెల్లగా మాట్లాడాడు. ఈసారి గొంతులో వెలుగు లేదు, లెక్క ఉంది. మున్షీగారు సింహాద్రి మొహం చూడకుండా చెప్పారు: "నౌకరు చేసిన కష్టం యజమానిదేనట. పశువు కష్టం పశువు గలవాడిదట. అది కూడా ఆ ధర్మంలోదేనట."

అప్పుడు మోషే నోరు విప్పాడు. అడగాలని ముందు అనుకున్నట్టు లేదు. బుర్ర గోక్కుంటూ, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"మరి ఒళ్ళు నాదే కదండీ? దొరగారు మొన్న ఒళ్ళు ఎవడిది వాడిదేనన్నారంట కదండీ. అయితే నేల నాదాండి?"

ఘొల్లుమన్నారు. పడవవాళ్ళు నవ్వారు, బంట్రోతులు నవ్వారు, ముసలయ్య పొట్ట పట్టుకున్నాడు. మున్షీగారికి కూడా నవ్వాగలేదు. ఆ మాట ఆయన ఇంగ్లీషులోకి మార్చనే లేదు. సింహాద్రీ నవ్వాడు. ఇంకా తనదే గెలుపన్న ధీమాతో ఉన్నాడు మరి. వెంకటరాజుగారొక్కరే నవ్వలేదు. మోషే వంక ఒకసారి చూశారు.

నవ్వులు ఆగాక గాని జరుగుతున్నదేమిటో సింహాద్రికి తెలిసిరాలేదు. బల్లమీద కలం మళ్ళీ కదులుతోంది.

"అరువండీ!" అని అరిచాడు. "బాబూ, అరువు తెచ్చుకున్నామండి! పొరుగింటి నిప్పు తెచ్చి పొయ్యి ముట్టించుకుంటే, ఆ కూడు పొరుగింటోడిదైపోద్దాండి? మీరు చెప్పండి మున్షీగారూ! మీ ఇంట్లో తెచ్చుకోరాండి నిప్పు?"

మున్షీగారు తడబడ్డారు. ఈ మాట మాత్రం చెప్పారు. దొర తలెత్తి సింహాద్రిని ఆసక్తిగా చూశాడు. మంచి మాటేనని ఒప్పుకున్నాడు కూడా. కాని అరువంటే ఒప్పందం, ఒప్పందం ఏదీ, సాక్షులేరీ అన్నాడు.

సింహాద్రి రాజుగారివైపు తిరిగాడు. "తమరు చెప్పండి బాబూ. అరువని ఒక్క ముక్క చెప్పండి."

వెంకటరాజుగారు గొడుగు తెరిచి, మళ్ళీ మూశారు. "పంపేనన్నది నిజమేరా" అన్నారు. "అరువని నేనెప్పుడన్నాను?"

అనలేదు. నిజమే. అరువుని అరువని ఎవరంటారు? ఎడ్లు తోలుకెళ్ళండంటారు. అంతే. 

దున్నినంత మేరా వెంకటరాజుగారి పేర రాశారు. లేచి వెళ్ళబోతూ దొర ఎగువ మూల చూపించి అడిగాడు. ఆ గడ్డిలో ఆ ముసలావిడేం చేస్తోందని.

"ఊరికే కూర్చుందండి" అన్నారు మున్షీగారు.

అక్కడ ఎవరి కష్టమూ లేదు గనక దాన్ని ఎవరికీ రాయక్కర్లేదన్నాడు దొర.

*

శనివారం రెల్లు నాటడానికి ఎవరూ వెళ్ళలేదు. నాటితే ఎవరిదని? వెంకటరాజుగారు మనిషి చేత కబురుపెట్టారు, వరద తీశాక దిబ్బమీద పొగాకు వేయిస్తాను, కూలికి రావచ్చని. ముసలయ్య ఆ మనిషిని కొట్టబోయి ఆగి, ఇంట్లోకి వెళ్ళి వలలు మూటకట్టాడు. కాలవలు తవ్వేచోట రోజుకూలి ఇస్తున్నారట. అతనితోపాటు సగం గుడిసెలు లేచిపోయాయి. వెళ్ళేవాళ్ళు సింహాద్రిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆయనకి.

సాళ్ళలో రెల్లు వేయించకపోతే దిబ్బ నిలవదని రాజుగారికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుమిట్టాడాడు సింహాద్రి. ఆయన మీద ఎంత కసి ఉందో, ఆ నేలమీద అంత మమకారం ఉంది. మూడోరోజు పొద్దున్నే మనసు రాయి చేసుకుని బయల్దేరాడు. సగం దారిలో ఏటివైపునించి వాసన వచ్చింది. ఎగువ కొండల మట్టివాసన. ఈ ఏడు శ్రావణం దాకా ఆగలేదు. ఎర్రనీళ్ళు వచ్చేశాయి.

గట్టుమీద నిలబడి చూశాడు. మధ్యాహ్నానికి నీళ్ళు దిబ్బ అంచు ఎక్కాయి. ఏరు పెద్దగా కోపంగా కూడా లేదు. సాలులోకి దూరి, సాలు వెంబడి తిన్నగా నడిచి, అవతలికి పోయింది. మోషే అంత శ్రద్ధగా వేసిన సాళ్ళు. ఒక్కో సాలు గట్టు మెత్తబడి కూలడం ఇక్కడికే తెలుస్తోంది. సాయంత్రానికి నాలుగేళ్ళ నేల మళ్ళీ ఏటి రంగు అయిపోయింది.

ఎప్పుడొచ్చారో, వెంకటరాజుగారు పక్కన నిలబడి ఉన్నారు. "ఇదేమిట్రా ఇలా పోయింది? ఇన్ని వరదలకి లేనిది?"

"ఇనుము తగిలిందండి" అన్నాడు సింహాద్రి.

శత్రువుకి దక్కలేదన్న సంతోషం వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. ఊరు రెండోసారి మునిగినట్టుంది.

*

నీళ్ళు తీశాక తెల్లారుతూనే అప్పాయమ్మ చిన్న దోనె వేసుకుని వెళ్ళిపోయింది. ఎండెక్కాక సింహాద్రి పెద్ద పడవలో వెనకే వెళ్ళాడు. కొత్తదిబ్బ ఉండాల్సినచోట నీళ్ళు తిరుగుతున్నాయి. ఎగువ మూల మాత్రం ఉంది. అంచులు కోసుకుపోయి, రెండు చిన్న దోనెలు పక్కపక్కన లాగి పెట్టుకుంటే నిండిపోయేంత. రెల్లు నేలకి వాలి బురదకొట్టుకుని ఉంది గాని, వేళ్ళు వదల్లేదు.

అప్పాయమ్మ అంచు వెంబడి నాటుకుంటూ వస్తోంది. మొగుడి వంక చూసి, దుబ్బు ఒకటి చేతికిచ్చింది. తిట్టలేదు. "అయిదోది గడిచింది" అంది అంతే.

ఇంకో రెండు. ఈ కాస్త నేల మళ్ళీ పెరిగి ఒక గుడిసెకి చాలేసరికి తను ఉండడని సింహాద్రికి తెలుసు. ఎవరికోసమో కూడా తెలీదు. అయినా వంగి చేత్తో గుంట తీశాడు.

నీళ్ళలో ఏదో కదిలింది. మోషే. ఈదుకుంటూ వచ్చి, మోకాల్లోతులో నిలబడిపోయాడు. నేలమీద కాలు పెట్టలేదు. పెదవి చిట్లి ఉంది. వీపుమీద ఎండకి నిగనిగలాడిన చోట వాతలు తేలి ఉన్నాయి.

"ఏమైందిరా?"

"దొరగారి ముందు ఆ మాట అడిగినందుకండి. రాజుగారు కొట్టించి గుడిసె పీకించేశారండి. దిబ్బ పోయిన మర్నాడు." మళ్ళీ అన్నాడు: "నేను తెలీకే అడిగేనండి. వెటకారానికి కాదండి."

సింహాద్రి మోకాళ్ళమీదే ఉండిపోయాడు. ఆ రోజు వినపడిన నవ్వులన్నీ చెవుల్లో తిరిగాయి. అందులో తన నవ్వు వేరుగా వినపడింది. ఒళ్ళు నాదే కదా అని వీడడిగాడు. నిప్పు నాది కాకపోయినా కూడు నాదే కదా అని తనడిగాడు. రెండూ ఒకటే మాట. వీడడిగినప్పుడు నవ్వి, తన వంతు వచ్చినప్పుడు అరిచాడు. ఆ రోజు తను నవ్వకుండా, అవునండీ, వీడు చెప్పేదానికి జవాబు చెప్పండి అని నిలబడి ఉంటే దొర ఏమనేవాడో? ఏమీ అనేవాడు కాదేమో. అయినా సిగ్గుతో ఆయన మొహం వేడెక్కిపోయింది.

"ఇది ఎవరిదండి ఇప్పుడు?" అన్నాడు మోషే, ఆ మూలని చూస్తూ.

"ఎవరికీ రాయలేదురా" అంది అప్పాయమ్మ నడుం నిలబెట్టి. మొగుడి వంక చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. జవాబు తను చెప్పనని కూడా ఉంది.

"నీళ్ళలో ఎంతసేపుంటావు? పైకి రా" అన్నాడు సింహాద్రి.  "వెళ్ళేటప్పుడు పడవెక్కు."

మోషే కదల్లేదు. మళ్ళీ చెబితేగాని నమ్మేలా లేడు. సింహాద్రి మళ్ళీ చెప్పాడు. అప్పుడు మెల్లగా, మొదటిసారి నేలమీద కాలు పెడుతున్నవాడిలా, అంచు ఎక్కాడు.

"మడమతో తొక్కాలి" అంది అప్పాయమ్మ. "గట్టిగా కాదు. మెత్తగానూ కాదు."

సింహాద్రి చేతిలో దుబ్బుని రెండుగా చీల్చాడు. సమంగా చీలలేదు. పెద్దది మోషే చేతికిచ్చి, చిన్నది తను ఉంచుకున్నాడు.